పాత యుద్ధ రేడియోలు – శాసనము

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసి ఎనుబది యేండ్లు దాటినది. ఆనాడు టాంకులలోను విమానములలోను పలికిన వైర్‌లెస్ యంత్రము లనేకము యుద్ధానంతరము మిగులు సరకుగా అమ్ముడుపోయి, ఇండ్ల అటకలకును, కళాశాలల ప్రయోగశాలలకును, పాత యినుప అంగళ్లకును చేరినవి. తాతగారి పెట్టెలో అట్టి యంత్రము దొరకినవాడు నేడు మొదట విచారింపవలసినది, దాని నింట నుంచుకొనుట నేరమగునా యని.

1933వ సంవత్సరపు వైర్‌లెస్ టెలిగ్రఫీ శాసనము పరాయి దొరతనమువారు చేసినది. లైసెన్సు లేక యంత్రమును కలిగియుండుటయే దాని ప్రకారము నేరము. అది పలుకుచుండ నక్కరలేదు, పలుకగలదైన చాలును. ఒకని స్వాధీనములోని గదిలో యంత్రము దొరకినచో అది వాని యొద్ద నున్నదనియే న్యాయస్థానము భావింపవచ్చును. స్వరాజ్యము వచ్చినపిదప ఈ పట్టు సడలలేదు సరికదా, అనుమతి లేక ప్రసారయంత్రమును కలిగియున్నవానికి మూడేండ్ల వరకు ఖైదును 1949లో మనవారే చేర్చిరి!

భయమునకు కారణము లేకపోలేదు. 1942లో బొంబాయిలో ఉషా మెహతాయు నామె సహచరులును రహస్యముగా కాంగ్రెసు రేడియోను నడపుచుండగా, పోలీసులు నవంబరులో గాని వారిని పట్టుకొనజాలరైరి. ప్రసారయంత్ర మెవరి చేత నున్నదో తెలిసికొనుట నేటి ప్రభుత్వమునకును అవసరమే యని మే మొప్పుకొందుము. కాని దేశద్రోహము తలపెట్టినవాడు చేతిలో నిమిడెడి నవీన యంత్రమును విడిచి, మోయలేని టాంకు రేడియోను వెదకికొనునా?

1885, 1933 శాసనముల స్థానమున నిలుపుటకై పార్లమెంటువారు 2023లో టెలికమ్యూనికేషన్స్ శాసనమును చేసిరి. దానిలోని భాగములు 2024 నుండి అంచెలుగా అమలులోనికి వచ్చుచున్నవి. రేడియో పరికరమును కలిగియుండుటకు అనుమతి కావలెననియే ఇందును గలదు. అయితే ప్రజాహితము కొరకు మినహాయింపు నీయగల అధికారమును కేంద్రప్రభుత్వమున కీయబడినది. ఆ యధికారమును పాత యంత్రముల విషయమున వినియోగింపవలెనని మా కోరిక. ప్రసారభాగము పనిచేయకుండ చేసిన యంత్రమును ఒక చిన్న పత్రముతో నమోదు చేసికొని యజమానుని కడనే యుంచవచ్చును. దాచియుంచినవారు నిర్భయముగా తెలుపుకొనుటకు కొంత గడువు నీయవలెను. భయపడినవాడు యంత్రమును ఠాణాకు తీసికొనిపోడు. తూకమున కమ్మివేయును. కొన్నవాడు రాగితీగ నొలిచికొని తక్కినది పారవైచును. పురావస్తువులను కాపాడు 1972వ సంవత్సరపు శాసనము నూరేండ్లు నిండిన వస్తువులకే వర్తించును గనుక ఈ యంత్రములకు దాని రక్షణయు లేదు. నిషేధించు శాసనము వీని నెరుగును, రక్షించు శాసన మెరుగదు.

ఇక యజమానుల కొకమాట. పంతొమ్మిదవ నంబరు సెట్టు అను బ్రిటిషు టాంకు రేడియో 1941 నాటిది. కెనడాలోను అమెరికాలోను గూడ తయారైనది. రష్యాకు పంపిన వాని పలకలపై ఇంగ్లీషు, రష్యను లిపులు రెండును గలవు. పండ్రెండు వోల్టుల బ్యాటరీయే గదా యని దానిలో చేయిపెట్టినవాడు మోసపోవును. లోపలి డైనమోటరు ఆ విద్యుత్తును ఐదువందల వోల్టులకు పెంచును. యంత్రము నాపినను కండెన్సర్లలో కొంత నిలిచియుండవచ్చును. మైనపు కాగితపు కండెన్సర్లు కాలక్రమమున చెడును గనుక వానిని పరీక్షింపక విద్యుత్తు నీయరాదు. యుద్ధకాలపు కొన్ని మీటర్ల యంకెలకు రేడియము పూసియుండిరి. వెలుగు ఆరిపోయినను రేడియము పోదు, పదునారువందల యేండ్లకు గాని సగము కాదు. ఆ యంకెలను గీకుట, అద్దము విప్పుట కూడదు.

ప్రసారము చేయగోరువారు అమెచ్యూరు పరీక్షలో నెగ్గి లైసెన్సు పొందవలెను. అప్పుడైనను అమెచ్యూరులకు కేటాయించిన తరంగములనే వాడవలెను. పైన జెప్పిన సెట్టు రెండు మొదలు ఎనిమిది మెగాహెర్ట్సుల వరకు పలుకును. అందు అమెచ్యూరులవి కొన్ని సన్నని చీలికలు మాత్రమే. తక్కిన తరంగము లితరులవి. పాతది గనుక ఫరవాలేదని వానిపై మాటాడువానిని మేము సమర్థింపము.

మా చదువరులలో నెవరి యింటనైన నట్టి యంత్ర మున్నచో, తూకమునకు వేయుటకు ముందు ఢిల్లీలోని వైర్‌లెస్ శాఖవారికి వ్రాసి సలహా పొందుదురుగాక. అది తమ కెట్లు వచ్చినదో ఒక కాగితముపై వ్రాసి, ముందుపలకపై నున్న నంబరును, ఛాయాచిత్రమును దానితో నుంచుకొనవలెను.