ముందు కాపీ, తర్వాతే రిపేరు

పెళ్లి ఫొటోల ఫోల్డర్ తెరుచుకోవడానికి ఐదు నిమిషాలు పడుతోంది. కాపీ చేయబోతే సగంలో ఆగిపోతోంది. హార్డ్‌డిస్క్ మొండికేస్తోందని అర్థమైన వెంటనే చాలామంది విండోస్‌లోని చెక్‌డిస్క్‌ను నడుపుతారు. మిగిలిన కాస్త ఆశనూ చెరిపేసేది చాలాసార్లు ఆ పనే.

హార్డ్‌డిస్క్ పలకలపై సమాచారం సెక్టర్లనే చిన్న గళ్లలో ఉంటుంది. ఒక్కో గడిలో పాత డిస్కుల్లోనైతే 512 బైట్లు, 2010 తర్వాత వచ్చిన వాటిలో ఎక్కువగా 4,096 బైట్లు. చదవడానికి వీల్లేని గడే బ్యాడ్ సెక్టర్. ఇందులో రెండు రకాలు. రాస్తుండగా కరెంటు పోతే సమాచారానికీ, దాన్ని సరిచూసే కోడ్‌కూ పొంతన కుదరదు. ఆ గడిలో మళ్లీ రాస్తే సరిపోతుంది. పలక పూతే దెబ్బతింటే మాత్రం మందు లేదు. అందుకే డిస్క్‌లో కొన్ని గళ్లను అదనంగా ఉంచుతారు. పాడైన గడి స్థానంలో డిస్క్ తనంతట తానే వాటిని వాడుకుంటుంది.

ఈ మార్పుల లెక్క స్మార్ట్ అనే పట్టికలో నమోదవుతుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాన్ని చూడొచ్చు. 5వ అంశం మార్చేసిన గళ్ల సంఖ్య, 197వది అనుమానంలో ఉన్నవాటి సంఖ్య. ఇవి పెరుగుతున్నాయంటే ప్రమాదం ముంచుకొస్తున్నట్టే. లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ ఇంజినీర్లు 2007లో తేల్చిందీ అదే. స్కాన్‌లో తొలి లోపం కనిపించిన డిస్క్ 60 రోజుల్లో చెడిపోయే అవకాశం, లోపం లేనివాటికంటే 39 రెట్లు ఎక్కువ. అయితే పట్టిక శుభ్రంగా ఉందని నిశ్చింతగా ఉండడానికీ లేదు. చెడిపోయిన డిస్కుల్లో 36 శాతానికి పైగా, ఉష్ణోగ్రతను పక్కనపెడితే, ముందుగా ఏ హెచ్చరికా ఇవ్వలేదు.

మరి చెక్‌డిస్క్‌తో చిక్కేమిటి? బ్యాడ్ సెక్టర్లను వెతికే పద్ధతిలో అది డిస్క్‌నంతా చదువుతుంది, నీరసించిన డిస్క్‌తో గంటల తరబడి చాకిరీ చేయిస్తుంది. పైగా 'మరమ్మతు' పేరుతో అదే డిస్క్‌పై రాస్తుంది. ఆ సందడిలో ఫైళ్లు ముక్కలు కావచ్చు.

సరైన వరుస వేరు. ముందు డిస్క్ వాడకం ఆపాలి. అంతే సామర్థ్యమో, అంతకు మించిందో ఉన్న మరో డిస్క్ తెచ్చి, లినక్స్‌లో దొరికే జీఎన్‌యూ డీడీరెస్క్యూ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొత్తం నకలు తీయాలి. అది బాగున్న భాగాలను ముందు కాపీ చేసి, మొరాయించిన చోట్లకు చివర్లో తిరిగి వస్తుంది. మ్యాప్ ఫైల్ పెట్టుకుంటే మధ్యలో ఆగినా, ఆగిన చోటి నుంచే మొదలుపెడుతుంది. మరమ్మతు ప్రయోగాలన్నీ ఆ నకలుపైనే చేయాలి. టక్‌టక్‌మని చప్పుడు వస్తున్నా, కంప్యూటర్ డిస్క్‌ను గుర్తించకపోయినా సాఫ్ట్‌వేర్ జోలికి పోకుండా కరెంటు తీసేసి, డేటా రికవరీ నిపుణులకు అప్పగించాలి. డిస్క్‌ను ఇంట్లో విప్పితే ఒక్క ధూళి కణం చాలు, పలకలు గీసుకుపోవడానికి.

ఇంత హైరానా పడ్డా అన్నీ తిరిగొస్తాయన్న పూచీ లేదు. డిస్క్ బాగున్న రోజునే రెండో కాపీ తీసి పెట్టుకున్నవారికి మాత్రం బ్యాడ్ సెక్టర్ అంటే కొత్త డిస్క్ ఖర్చు, అంతే.