నవ్వితే తెలుగుతనం తరిగిపోతుందా?



ఉగాది కార్యక్రమంలో 'చంటబ్బాయ్' సినిమా వేద్దామని మేము అడిగితే, కార్యవర్గంలో కొందరు పెద్దలు ఒక్క మాటతో కొట్టిపారేశారు. ఆ కోతి గెంతులు మన సంస్కృతి ఎలా అవుతాయని అడిగారు. వారి మీద గౌరవం ఉంది కాబట్టే చాటున గొణక్కుండా అందరి ముందూ జవాబు రాస్తున్నాం.

మొన్న ఆదివారం రాత్రి బరంపురంలో ఒక మిత్రుడి డాబా మీద నాలుగు కుటుంబాలం చేరాం. గోడకు తెల్ల దుప్పటి కట్టి, అప్పడాలు వేయించుకుని ఆ సినిమానే చూశాం. జేమ్స్ పాండ్‌నని చెప్పుకు తిరిగే డిటెక్టివ్ చిరంజీవి చాప్లిన్ వేషం కట్టగానే పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ నవ్వుకు భాష అక్కర్లేదు. పక్కింటి ఒడియా మిత్రులూ మాతో పాటే నవ్వారు. తర్వాత కవయిత్రి శ్రీలక్ష్మి తన కవిత్వంతో పత్రికా సంపాదకుణ్ణి హింసించే ఘట్టం వచ్చింది. పెద్దవాళ్లం కళ్లనీళ్లు తుడుచుకుంటున్నాం, పిల్లలు మాత్రం బిక్కమొహాలు వేశారు. "అమ్మా, ఏమంది? ఎందుకు నవ్వుతున్నారు?" అని ఒకటే గోల. సినిమా ఆపి చెప్పాం. మళ్లీ అడిగారు, మళ్లీ ఆపాం. ఒడియా, ఇంగ్లీషు బడుల్లో చదివే మా పిల్లలు తమంతట తాము తెలుగు మాటకు అర్థం అడిగింది ఆ రాత్రే.

అయ్యా, ఇది సంస్కృతి కాదా?

ఆ సినిమా తీసింది జంధ్యాల, 1986లో. మూలం మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల. చిరంజీవి పోరాట చిత్రాలంతగా అప్పట్లో ఆడలేదు, అందుకే చిన్నచూపు. మన పెద్దలు చేతులెత్తి మొక్కే 'శంకరాభరణం'కి మాటలు రాసిందీ ఆ జంధ్యాలే. ఒకే కలం శాస్త్రిగారికి రాస్తే సంస్కృతి, పాండ్‌కి రాస్తే కోతి గెంతులా?

హాస్యం పేరిట బూతు వస్తోందని, ఆడవాళ్లను, ఒంటి రంగును వెక్కిరిస్తున్నారని పెద్దల బెంగ. అది న్యాయమే. అలాంటివి వేయమని మేమూ అడగం. కానీ ఆ పాపాన్ని హాస్యం మొత్తానికి అంటగట్టకండి.

ఒకప్పుడు వాడుక భాషనూ ఇలాగే గ్రామ్యమని వెలివేశారు. దానికోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి నాటి గంజాం జిల్లాలోదే. పొరుగున విజయనగరంలో 1892లో తొలిసారి ఆడిన 'కన్యాశుల్కం' జనాన్ని నవ్విస్తూనే వాతలు పెట్టింది. నవ్వును తక్కువ చేయడం మన గడ్డ మీద పుట్టిన బుద్ధి కాదు.

1936లో మనం ఒడిశాలో కలిశాం. నాటి నుంచి ఇక్కడ తెలుగు బతికింది సభల్లో కప్పిన శాలువాలతో కాదు, ఇళ్లలో పేలిన మాటలతో. మన సభల్లో ముందు వరసలు నెరిసిన తలలతో నిండుతున్నాయి, వెనక వరసలు ఖాళీ. ఉపన్యాసం మొదలవగానే పిల్లలు బయటికి పరిగెత్తడం మనందరికీ తెలుసు. వాళ్లను కూర్చోబెట్టే దారి దొరికితే దానికీ తలుపు మూస్తామా?

మేము అడిగేది ఒక్క సాయంత్రం, రెండున్నర గంటలు. సన్మానాలు ఆపమనడం లేదు, వాటి తర్వాతే వేయండి. ఒప్పుకోకపోతే డాబా ఉంది, దుప్పటి ఉంది. వచ్చే ఆదివారం మళ్లీ వేస్తాం. వద్దన్న పెద్దలకే మొదటి పిలుపు. మనవల్ని వెంటబెట్టుకుని రండి, వాళ్లు అడిగే మాటలకు అర్థం మీరే చెబుదురుగాని.