ఇంకా మాట్లాడనివాళ్ల వంతు

1863లో అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో ఒక చర్చి సమావేశానికి హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే సైనిక ఇంజినీరును అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. గొడవ రేగింది, ఎలా అదుపు చేయాలో ఆయనకు తెలియలేదు. ఆ పరాభవమే ఆయన చేత సభా మర్యాదల గ్రంథాలు చదివించింది. 1876లో సొంతంగా నియమాల పుస్తకం వేయించింది. అందులో అన్నిటికన్నా విలువైన నియమం ఒకటుంది: ఒక విషయం మీద మాట్లాడాలనుకుంటూ ఇంకా మాట్లాడనివాళ్లు ఉండగా, ఒకసారి మాట్లాడినవాడు మళ్లీ లేవకూడదు. మన గ్రామసభలకూ అపార్ట్‌మెంట్ సంఘాలకూ ముందు కావలసింది ఇదే. పెద్ద గొంతున్న నలుగురే గంటసేపు అరిస్తే, కుళాయి సంగతి చెప్పుకుందామని వచ్చి వెనక నిలబడ్డ ఆడవాళ్లు నోరు విప్పకుండానే ఇంటికి పోతారు. తీర్మానం మాత్రం అందరి పేరునా రాసేస్తారు. ఇది అన్యాయం. ప్రతిపాదనను ఎంతైనా విమర్శించవచ్చు, తెచ్చినవాడి ఉద్దేశం జోలికి పోకూడదన్నది ఆ పుస్తకంలోనే మరో నియమం. మన లోక్‌సభ నియమావళిలో 352వ నియమం కూడా సాటి సభ్యుడికి దురుద్దేశాలు అంటగట్టొద్దనే చెబుతుంది. రోడ్డు అంచనా ఎందుకు పెరిగిందని నిలదీయాల్సిందే. కానీ సర్పంచి ఎంత తిన్నాడన్న కేకతో మొదలుపెడితే కొట్లాటే మిగులుతుంది, ఆ అంచనా కాగితం ఎవరూ బయటికి తీయరు.