రోగనిరోధక శక్తికి అదుపు కూడా అవసరమే

"రోగనిరోధక శక్తి పెరగడానికి ఏ పొడి వాడాలి సిస్టరమ్మా?" అని సుబేదారి, చుట్టుపక్కల ఊళ్ళ నుండి వచ్చే రోగులు మమ్మల్ని అడుగుతుంటారు. 2020లో కరోనా వచ్చినప్పటి నుండి ఈ ప్రశ్న ఎక్కువైంది. ఆ శక్తి ఉంటే చాలదు, అదుపులో ఉండాలని మా అభిప్రాయం.

మన రక్తంలోని టి కణాలు రోగక్రిములతో పోరాడతాయి. వాటిలో రెగ్యులేటరీ టి కణాలనేవి ఆ పోరాటం మన సొంత అవయవాల మీదికి మళ్ళకుండా ఆపుతాయి. జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకాగుచి 1995లో వీటిని గుర్తించారు. ఈ పరిశోధనలకు ఆయనకూ, అమెరికాకు చెందిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకూ 2025లో నోబెల్ బహుమతి లభించింది.

అదుపు తప్పితే శరీరం తన కీళ్ళ మీదనే దాడి చేస్తుంది. రుమటాయిడ్ కీళ్ళవాతం అటువంటిదే. దానికి వాడే మెథోట్రెక్సేట్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో రూపొందించిన మందు. కీళ్ళవాతానికి దీనిని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం.

"ఆ మందు శక్తిని తగ్గిస్తుందట" అని ఎవరో చెబితే మానేయకండి. డాక్టరు గారిని అడగకుండా పొడులు, టానిక్కులు మొదలుపెట్టకండి. మందు వాడుతుండగా జ్వరం వస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి.