విమానము కదలుటకు ముందు

బిడ్డలు దూరదేశములందుండుటచే మన సోదరీమణులలో పలువురకు విమానప్రయాణము నేడు క్రొత్త కాదు. తలుపులు మూసి, అందఱును నడుమునకు పట్టీలు బిగించుకొని కూర్చున్న పిమ్మట కూడ విమానము కొంతసేపు కదలక నిలిచియుండును. అట్టి సమయమున "ఇంకను ఈ జాగేమి?" యని విసుగుకొనుట సహజము. మేమును అట్లు విసుగుకొన్నవారమే. కాని ఆ కొలది నిమిషములలో క్రింద నేలపై జరుగు పని యెట్టిదో యెఱిగినచో ఆ విసుగు నిలువజాలదు.

విమానము సాధారణముగా తనంతట తాను వెనుకకు నడువదు. అందుచే ముందుచక్రము వద్ద ట్రాక్టరు నొకదానిని తగిలించి దానిని వెనుకకు నెట్టుదురు. చెవులకు తొడుగు ధరించిన పనివాడొకడు విమానచోదకునితో మాటలాడుచు ప్రక్కనే నడచుచుండును. నెట్టునపుడు ముందుచక్రము చోదకుని చేతికి లోబడి తిరుగకుండుటకై చిన్న మేకు నొకదానిని అమర్చియుందురు. దానికి ఎఱ్ఱని పట్టీ వ్రేలాడుచుండును. ఇంజనులు తిరుగసాగి, ట్రాక్టరును విడదీసిన పిమ్మట, ఆ మేకును ఊడదీసికొని పనివాడు దూరముగా పోవును. చోదకునకు కనబడుచోట నిలిచి, మేకును ఎత్తి చూపి, చేయెత్తి సంజ్ఞ చేయును. చూచితినని చోదకుడు బదులు సంజ్ఞ చేయును. ఆ తరువాతనే విమానము ముందునకు కదలవలెను.

ఇంత తంతు ఎందులకందురా? తిరుగుచున్న ఇంజను తన ముందున్న గాలిని అతివేగముగా లోనికి పీల్చుకొనును. మనము తఱచుగా ఎక్కు బోయింగ్ 737 విమానమునే తీసికొనుడు. అది నేలపై నిలిచి, ఇంజను మెల్లగా తిరుగుచున్నప్పుడు సైతము దాని ముందు సుమారు 10 అడుగుల లోపల మనిషి నిలువరాదు. వెనుకకు వెడలు గాలికి సుమారు 100 అడుగుల మేర ఎడముగా నుండవలెను. వేగము పెంచిన కొలది ఈ దూరములును పెరుగును. చుట్టుప్రక్కల విమానముల రొదలో ఏ ఇంజను తిరుగుచున్నదో చెవి చెప్పజాలదు. అందుచేతనే ఇంజను త్రిప్పుటకు ముందునుండియు విమానముపై ఎఱ్ఱదీపము వెలిగి యారుచుండును. తిరుగుట కంటబడుటకై పెక్కు ఇంజనుల నడిబొడ్డున తెల్లని చుట్ట వ్రాసియుండును. ఇక చోదకునకో, తన ముక్కు క్రిందనున్న మనిషి కనబడడు. క్రిందివాని చేయియే ఆతనికి కన్ను.

ఈ కన్ను తప్పినచో నేమగునో మనకు తెలియనిది కాదు. 2015 డిసెంబరు 16వ తేది రాత్రి ముంబయిలో, మన హైదరాబాదునకు రావలసిన విమానమొకటి ఇట్లే వెనుకకు నెట్టబడిన పిమ్మట, క్రింద పనిలోనున్న సాంకేతికోద్యోగి యొకడు ఇంజను వాతబడి మరణించెను. క్రిందివారందఱును తొలగిరని రూఢి కాకమునుపే విమానము కదలుట యీ ఘోరమునకు మూలము. 2022 డిసెంబరు 31వ తేదిన అమెరికాలోని మాంట్‌గొమరీ నగరమున, వచ్చి నిలిచిన విమానము వద్ద, ఇంజను ఇంకను తిరుగుచున్నదని ముందుగా హెచ్చరించియున్నను, పనిచేయు స్త్రీ యొకతె అట్లే ప్రాణము కోల్పోయెను.

మన పెద్దలు బండి కట్టినపుడు, చక్రముల నడుమ పిల్లలెవరైన నున్నారేమో యని ఒకమాఱు వంగి చూచిన పిమ్మటనే ఎద్దులను అదలించెడివారు. ఆ వాడుక నేడు విమానాశ్రయమున నిలిచినది గాని, మన వాకిళ్లలో సన్నగిల్లుచున్నది. మోటారుకారును వెనుకకు తీయునపుడు దాని వెనుకనున్న పసిబిడ్డ నడుపువారికి కనబడకపోవచ్చును. కావున ప్రతి యింటను ఈ నియమము నేర్పఱచుకొనవలెనని మా మనవి. చూచు భారము ఒక్కరికే అప్పగింపుడు. అందఱును చూతురనుకొన్నచో ఎవ్వరును చూడరు. పిల్లల నందఱను పేరుపేరున లెక్కింపుడు. చూచువారు నడుపువారికి కనబడుచోట నిలిచి చేయెత్తువఱకు బండి కదలరాదు. బిడ్డ లోపలనే యున్నదిలే యనుకొనుట వేఱు, కన్నులార చూచుట వేఱు.

శంషాబాదునను, గన్నవరమునను ఎండయనక, వానయనక ఈ పనిచేయుచున్నవారు మనవంటి తల్లుల బిడ్డలే. ఇకముందు విమానము కొంత జాగు చేసినపుడు, కిటికీనుండి క్రిందికి చూడుడు. ఎఱ్ఱపట్టీ పట్టుకొని దూరముగా నడచిపోవుచున్నవాడు కనబడిన, వానిని తొందరపెట్టు తలంపు మనకు వలదు. వాని రాకకై కూడ ఒక యింట అన్నము మూతపెట్టి యుండును.