బీరువా తలుపు మీద చీటీ
బీరువాకి తాళం వేసి, లోపల ఏమున్నాయో చీటీ రాసి తలుపుకి అంటించుకుంటామా? కంప్యూటర్ ఇండెక్స్ చేసేది అదే. మన డాక్యుమెంట్ల పేర్లే కాదు, లోపలి మాటలూ ముందే చదివి పట్టిక కట్టుకుంటుంది. మీటింగ్‌లో స్క్రీన్ చూపిస్తూ సెర్చ్‌లో రెండక్షరాలు కొట్టగానే జీతం స్లిప్పో, మెడికల్ రిపోర్టో పైకి తేలుతుంది. (నాకు తేలింది బావమరిదికిచ్చిన అప్పు లెక్క!) ఇలాంటివి దాచుకున్న ఫోల్డర్‌ని విండోస్ సెట్టింగ్స్‌లో సెర్చ్‌కి సంబంధించిన పేజీలో మినహాయించవచ్చు; మ్యాక్‌లోనైతే స్పాట్‌లైట్ ‘సెర్చ్ ప్రైవసీ’ జాబితాలో చేర్చాలి. రెండు నిమిషాల పని, ఎవరూ చెయ్యరు. చేసినా అది పరదా వంటిదే. నేరుగా ఫోల్డర్ తెరిచినవాళ్లకి అన్నీ కనిపిస్తాయి. ఇంటిల్లిపాదీ ఒకే లాగిన్ వాడుతుంటే, ముందు ఎవరి ఖాతా వాళ్లకి పెట్టండి.