పక్షుల పుట్టుక – వితండ

నిజాంసాగర్ ఆయకట్టులోని బాన్సువాడ వరిమళ్లలో నిలిచే కొంగ డైనోసార్ల సంతతి అంటే నేటికీ కొందరు అంగీకరింపరు. 1926లో హైల్మన్ పండితుడు ఇతర అస్థిసామ్యమంతా గుర్తించి కూడ, డైనోసార్లకు జత్రుకలు, అనగా కంఠమూలాస్థులు, లేవని ఆ సంబంధాన్ని త్రోసిపుచ్చారు. అది నాటి అనుపలబ్ధి, నింద్యం కాదు. తరువాత ఆ ఎముకలూ శిలాజాలలో లభించాయి. 1996లో చైనా నుండి ఈకల వంటి తంతువులతో సైనోసారోప్టెరిక్స్ వెలుగుచూసింది. హేతువే నశించిన పిదప నిరాకరణ దేనిపై నిలుస్తుంది?

పోనీ, పక్షులకు వేరొక పూర్వజం ఏది? నిలకడగా ఒక్కదానినీ స్థాపింపరు. స్వపక్షస్థాపన లేని ఖండనకు న్యాయసూత్రాలలో గౌతమమహర్షి పెట్టిన పేరు వితండ. ఆయన చెప్పిన పదహారు పదార్థాలలో సంశయం మూడవది, వితండ పన్నెండవది. మొదటిదానికి దక్కవలసిన గౌరవాన్ని వీరు రెండవదానికి కోరుతున్నారు. ఏ శిలాజం లభిస్తే తమ మతాన్ని విడుస్తారో ముందుగా ప్రకటించాలి.